ఆరుంపావూ దీపాల వేళా

2024 జూన్ 16, ఆదివారం, ఉదయం పది గంటల పది నిమిషాలకు మా చెల్లెలి కూతురు కాకినాడ నుంచి వచ్చి, సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసి మా భోజనాల బల్ల మీద పెట్టింది. విప్పితే పేకముక్క అంత పచ్చ పలక ఒకటి బయటికి వచ్చింది. దాని మీద నల్లటి చిప్పులు, అంచుల్లో వైర్లు పెట్టుకునే గూళ్లు ఉన్నాయి.

"ఇదేంటే?" అన్నాను.

"కంప్యూటరు పెద్దమ్మా."

"మిగతాది ఏదీ?"

"మిగతాదేం లేదు. ఇంతే. టీవీ వెనకాల తగిలిస్తే టీవీయే దీనికి తెర. అమ్మ పాటలన్నీ ఇందులో పెట్టేద్దాం. రిమోట్ నొక్కితే పాడుతుంది."

మా చెల్లెలు అదే బల్ల దగ్గర, గోడవైపు కుర్చీలో కూర్చుని ఉంది. కూతురు తన గురించే మాట్లాడుతోందని తెలిసి "ఆ" అంది. అప్పటికి ఆరు నెలలుగా ఆవిడ దగ్గర ఉన్నది ఆ ఒక్క శబ్దమే. కాఫీ కావాలన్నా "ఆ", వద్దన్నా "ఆ". నొప్పి ఎక్కడ అని అడిగినా అదే.

చెల్లెలు నాకంటే ఐదేళ్లు చిన్నది. మా ఇద్దరి భర్తలూ పోయారు. నేను కడియం దగ్గర ఒక నర్సరీలో ముప్పై ఒక్క ఏళ్లు మొక్కల లెక్కలు చూశాను. మళ్లలో ఎన్ని ఉన్నాయి, లారీకి ఎన్ని ఎక్కాయి, దారిలో చచ్చేవాటికి ఎన్ని అదనంగా వేయాలి అన్నది నా పని. చెల్లెలిది వేరే దారి. పెళ్లి పాటలు కట్టి పాడేది. నిడదవోలు నుంచి ద్రాక్షారామం దాకా పెళ్లివారు కబురు పెట్టి పిలిపించుకునేవారు. తలుపు దగ్గర పాట, బంతులాట పాట, అప్పగింతల పాట, ప్రతి పెళ్లికీ ఆ ఇంటి పేర్లూ ఊళ్లూ కలిపి కొత్తగా కట్టేది. ఒక్క ముక్క కాగితం మీద పెట్టలేదు. రాసుకోవే అని నేను అంటే, "రాస్తే నీ మొక్కల్లా వరసలో నిలబడతాయక్కా, పెళ్లిలో అలా కుదరదు" అనేది. ఆమె భర్తకి టేపు రికార్డరు పిచ్చి ఉండబట్టి కొన్ని క్యాసెట్లలోకి ఎక్కాయి.

2023 డిసెంబరులో ఆమెకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. కాలు కొంత తిరిగి వచ్చింది, కర్ర పట్టుకుని ఈడుస్తూ నడిచేది. చెయ్యి రాలేదు. నా ఇంటికి తెచ్చుకున్నాను.

రాజమండ్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ చెల్లెల్ని పరీక్షించి, బయటికి వచ్చి నాతో ఇలా అంది: "మెదడులో ఎడమ పక్క దెబ్బ తిందండి. మాట అక్కడి నుంచే వస్తుంది. పాడటానికి ఇంకో పక్క కూడా సాయం చేస్తుంది. మాట్లాడలేని వాళ్లు కొంతమంది పాడగలుగుతారు అమ్మగారూ. ఆవిడకి బాగా అలవాటైన పాటలు రోజూ ఒకే వేళకి వినిపించండి. ఆవిడ గొంతులోవే ఉంటే మరీ మంచిది. పక్కన ఎవరూ కూర్చోకండి. మీరు చూస్తుంటే సిగ్గుపడి నోరు తెరవరు."

అందుకని ఆమె ఇంటి ఇనప్పెట్టె తెరిచి క్యాసెట్లు తీశాను. పందొమ్మిది ఉన్నాయి. మా నేల చెమ్మకి లోపలి రీళ్ల మీద తెల్లటి బూజు పట్టి ఉంది. రాజమండ్రిలో పాత క్యాసెట్లని కంప్యూటర్‌లోకి ఎక్కించే దుకాణానికి తీసుకువెళ్లాను. దుకాణదారు ఒకదాన్ని వెలుతురుకి పట్టుకుని చూసి, "ఇవి ఒక్కసారే తిరుగుతాయండి. తిరిగేటప్పుడే పొర రాలిపోద్ది. రెండోసారి అడక్కండి" అని ముందే చెప్పాడు. అలాగే జరిగింది. ఎనిమిది అసలు తిరగలేదు. పదకొండు తిరిగి, తెగి, గోధుమరంగు పొడి రాల్చి ఆగిపోయాయి. ఆ పదకొండింటి నుంచి నలభై మూడు పాటలు వచ్చాయి. మొత్తం మూడు గంటల ఇరవై రెండు నిమిషాలు. వాటిని మా అమ్మాయి ఇచ్చిన పెన్ డ్రైవ్‌లో వేయించుకుని వచ్చాను. ఆ పెన్ డ్రైవ్ కోసమే ఇప్పుడు ఈ పలక వచ్చింది.

మా అమ్మాయి అని ఊరికే అనలేదు. నాకు పిల్లలు లేరు, చెల్లెలికి ఆ ఒక్కతే. కాకినాడలో డిప్లొమా కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతుంది. ఆ ఆదివారం సాయంత్రం దాకా కూర్చుని, గోరంత కార్డు ఒకదాంట్లోకి పాటలు పాడించే ప్రోగ్రాం ఎక్కించి, ఆ కార్డుని పలక అడుగున దోపింది. పలక నుంచి ఒక వైరు టీవీకి, ఒక వైరు గోడ మీది స్విచ్‌బోర్డుకి. ముందుగదిలో ఆ బోర్డుకి నాలుగు స్విచ్చులు ఉన్నాయి: ఫ్యాను, ట్యూబ్‌లైటు, టీవీ, నాలుగోది ఖాళీ. నాలుగోది పలకకి ఇచ్చాం.

"మిగతాది నువ్వే చెయ్యి పెద్దమ్మా. ఫోన్లో చెబుతా. ఒక్కటి మటుకు గుర్తు పెట్టుకో. స్విచ్చి ఊరికే కట్టేయకూడదు. ముందు తెర మీద షట్‌డౌన్ నొక్కాలి. పలక మీద పచ్చ లైటు కొట్టుకోవడం ఆగాలి. అప్పుడు కట్టాలి."

"లేకపోతే?"

"కార్డు రాసుకుంటూ ఉంటది లోపల. రాస్తున్న వాళ్ల చేతిలోంచి పెన్ను లాక్కుంటే ఏమవుద్ది?"

"గీత పడుతుంది."

"పుస్తకమే పోవచ్చు" అని నవ్వి బస్సెక్కింది.

మర్నాటి నుంచి నేను మొదలుపెట్టాను. తెర మీద బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు. ఫోన్ చేశాను.

"బొమ్మ ఉందే, గొంతు లేదు."

"సెట్టింగ్స్‌లోకి వెళ్లు. సిస్టమ్. ఆడియో. అక్కడ రెండు పేర్లుంటాయి చూడు. ఒకటి పలక చెవిలోకి, రెండోది టీవీలోకి. రెండోది పెట్టు."

"చెవి అని రాసి లేదు."

"నేను చెప్పానులే అలా, నీకు తేలిగ్గా ఉంటదని. నువ్వు రాసింది రాసినట్టు చదువు పెద్దమ్మా, నేనే చెబుతా ఏది నొక్కాలో."

గొంతు వచ్చింది. తరువాత పేర్ల సంగతి. పాటలకి తెలుగులో పేర్లు పెడితే తెర మీద అక్షరాల బదులు ఖాళీ గళ్లు కనిపించాయి. రెండు రోజులు ప్రయత్నించాం. గళ్లు పోయి అక్షరాలు వచ్చాయి కానీ ఒత్తులన్నీ విడివిడిగా, చెదిరిన ముగ్గులా ఉన్నాయి. అప్పుడు నాకు తట్టింది, చెల్లెలికి మాటతో పాటు చదవడం కూడా పోయింది కదా, పేర్లు ఎవరి కోసం అని. పేర్లు తీసేసి ఒక్కొక్క పాటకి ఒక్కొక్క ఫొటో పెట్టాను. ఫోన్లో నేనే తీశాను. తలుపు దగ్గర పాటకి మా వీధి తలుపు, బంతులాటకి పూలబంతి, హారతికి పళ్లెం, అప్పగింతల పాటకి ఉప్పు జాడీ, లాలికి చెల్లెలి పాత నేత చీర మడత. నలభై మూడు ఫొటోలు. టీవీ రిమోట్‌లోని బాణాలే ఆ పలకకి కూడా పనిచేశాయి. ఎడమ చేత్తో బాణం నొక్కి, బొమ్మ మీద ఆగి, నడిమి గుండ్రాన్ని నొక్కితే చాలు.

పాటల్ని పెన్ డ్రైవ్ నుంచి కార్డులోకి పంపడానికి తెర మీద రెండు మాటలు వచ్చాయి. ఒకటి కాపీ, ఒకటి మూవ్. నేను మూవ్ నొక్కాను. ఆలోచించే నొక్కాను. నర్సరీలో నా పని మొత్తం ఆ ఒక్క నియమం మీదే నడిచింది. మొక్క లారీ ఎక్కిందంటే మడి లెక్కలోంచి పోవాలి. ఒకే మొక్క రెండు చోట్ల లెక్కకి వచ్చిందంటే ఒకచోట అబద్ధం ఉన్నట్టే. మూవ్ అయ్యాక చూసుకున్నాను. కార్డులో నలభై మూడు, పెన్ డ్రైవ్‌లో సున్నా. లెక్క సరిపోయింది. మరుసటి ఆదివారం మా అమ్మాయి వచ్చినప్పుడు, అరువు తెచ్చుకున్న వస్తువు కాబట్టి, ఖాళీ పెన్ డ్రైవ్ ఆమెకి తిరిగి ఇచ్చేశాను. ఆమె ఏమీ అడగలేదు, సంచిలో వేసుకుంది.

జులై ఒకటిన సాయంత్రం ఐదున్నరకి మొదటిసారి చెల్లెల్ని టీవీ ముందు కూర్చోబెట్టి, రిమోట్ ఎడమ చేతిలో పెట్టి, నేను పెరట్లోకి వెళ్లిపోయాను. ఆరుంపావుకి వచ్చి ఆపాలి. అదీ ఏర్పాటు. పెరట్లో నిలబడి విన్నాను. టీవీలోంచి ముప్పై ఏళ్ల కిందటి చెల్లెలు పాడుతోంది. గదిలోని చెల్లెలు ఏమీ అనలేదు. ఎనిమిదో రోజున రెండు గొంతులు వినిపించాయి.

అది అప్పగింతల పాట. కొత్త కోడలికి అత్తవారింటి పెద్దావిడ వంటిల్లు చూపిస్తున్నట్టు కట్టింది:

ఉప్పు జాడీ ఇదుగో, ఊరగాయ అదుగో,
పాలు పొంగకముందే పొయ్యి తగ్గించమ్మా,
నీళ్లు తోడి పెట్టు, తలుపు చేర వెయ్యి,
దీపాల వేళకు గుమ్మాన నిలువమ్మా.

మొదట్లో రాగం మాత్రమే వచ్చేది. తరువాత చివరి అక్షరాలు అందుకుంది. నెల తిరిగేసరికి టీవీ ఆపేసినా మొదటి వరస తనే పాడింది. ఒక పొద్దున మంచం మీంచి నన్ను చూసి "ఉప్పు జాడీ" అని ఎత్తుకుంది. ఉప్పు ఎందుకే అన్నాను. చెయ్యి ఊపి, ఆపకుండా పాడుకుంటూ వెళ్లి, "పాలు" దగ్గర ఆగి నా వైపు చూసింది. ఆమెకి పాలు కావాలి. పాలు అనే మాట ఆమెకి విడిగా దొరకడం లేదు. పాట మొదటి నుంచి నడిచి వెళ్లి అక్కడ పట్టుకుంటోంది. నీళ్లు కావాలంటే ఇంకా దూరం, మూడో వరస దాకా నడవాలి. దాహం వేసినప్పుడు ఆమె ఉప్పూ ఊరగాయా పాలూ పొయ్యీ అన్నీ దాటుకుని నీళ్ల దగ్గరికి వచ్చేది.

మా అమ్మాయి అది చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. "గ్లాసుడు నీళ్లకి కచేరీ ఏంటమ్మా? పక్కింటోళ్లు టిక్కెట్టు కొనుక్కుని వచ్చేస్తారు" అంటూ ఫోన్లో వీడియో తీసింది. చెల్లెలు కూడా నవ్వింది. పక్షవాతం వచ్చాక నోరు ఒక పక్కకే నవ్వుతుంది. డాక్టరమ్మకి చూపిస్తే, "ఇదే దారండి. రానురాను పాట తగ్గి మాట మిగులుతుంది, ఆపకండి" అంది.

ఆవిడ అన్నట్టే జరిగింది. సెప్టెంబరు మొదట్లో ఏం కావాలని అడిగితే "నీళ్లు" అనే మాట పాట లేకుండా వచ్చింది. తరువాత "తలుపు". లాలి పాటలోంచి "నిద్ర", "రా" వచ్చాయి.

ఇప్పుడు స్విచ్చుల సంగతి చెప్పాలి. మా అమ్మ ఇంట్లో ఒక నియమం ఉండేది. మునిమాపు వేళ ముందు ఇంట్లో కరెంటుతో నడిచేవన్నీ కట్టేయాలి. చీకట్లో దేవుడి దగ్గర నూనె దీపం పెట్టాలి. అది వెలిగాకే కరెంటు దీపం వేయాలి. మా ఇద్దరికీ పెళ్లిళ్లయి వేరే ఇళ్లకి వెళ్లినా అది మానలేదు. చిన్నప్పుడు స్విచ్చులు చెల్లెలి వంతు, అగ్గిపుల్ల నా వంతు. పక్షవాతం తరువాత చెల్లెలికి ఇంట్లో ఏ పనీ మిగల్లేదు, ఈ ఒక్కటి తప్ప. వెలుతురు తగ్గగానే ఎవరూ చెప్పకుండా కర్ర పట్టుకుని లేచి, స్విచ్‌బోర్డు దగ్గరికి వెళ్లి, ఎడమ చేత్తో నాలుగూ కట్టేసి, నా కోసం నిలబడేది. నేను దీపం పెట్టాక ట్యూబ్‌లైటు వేసేది. మొదటిసారి అలా చేసిన రోజున మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. ఆమె రెండుసార్లు మళ్లీ చెప్పించుకుంది.

జులైలో దీనివల్ల ఇబ్బంది లేదు. ఆరుంపావుకి నేను వచ్చి షట్‌డౌన్ నొక్కి, పచ్చ లైటు ఆగిందాకా చూసేదాన్ని. ఆరూ ముప్పావుకి చీకటి పడేది. అప్పుడు చెల్లెలు లేచేది. నేను గడియారం చూసి ఆపేదాన్ని, ఆమె కిటికీ చూసి కట్టేది. మధ్యలో అరగంట ఉంది కాబట్టి ఇద్దరం ఒకరికొకరు అడ్డం రాలేదు.

సెప్టెంబరులో పొద్దు తగ్గసాగింది. నెల సగానికి వచ్చేసరికి నేను ఆరుంపావుకి లోపలికి వస్తే గది చీకటిగా, టీవీ ఆగిపోయి, చెల్లెలు బోర్డు దగ్గర నిలబడి ఉండేది. పాట మధ్యలోనే కట్టేసేది. "అలా కట్టకూడదే, ముందు నేను ఆపాలి" అని చెప్పాను. "ఆ" అంది. మర్నాడు మళ్లీ కట్టేసింది.

మా అమ్మాయికి చెబితే, "వేళ ముందుకి జరుపు పెద్దమ్మా. నాలుగున్నరకి మొదలెట్టు" అంది.

"ఒకే వేళ అందిగా డాక్టరమ్మ."

"పోనీ గంట ముందు ఒకే వేళ. ఇదేమన్నా లారీనా?"

నేను జరపలేదు. మందులు, వ్యాయామం చేయించేవాడు రావడం, నిద్ర అన్నీ ఐదున్నర చుట్టూ కట్టుకున్నాను. దానికి బదులు గోధుమరంగు టేపు తెచ్చి నాలుగో స్విచ్చి మీద అడ్డంగా అంటించాను.

ఆ సాయంత్రం ఆరుంపావుకి లోపలికి వచ్చేసరికి ఫ్యాను, లైటు, టీవీ కట్టేసి ఉన్నాయి. చెల్లెలు నాలుగో స్విచ్చి మీది టేపుని ఎడమ చేతి గోరుతో గీకుతోంది. నేను టీవీ మళ్లీ వేసి, షట్‌డౌన్ చేసి, దీపం పెడదాం రావే అన్నాను. రాలేదు. అన్నం తినలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజున గీకి గీకి గోరు చివర రక్తం కనిపించింది. టేపు ఊడదీసేశాను. ఆమె స్విచ్చి కట్టి, నా వైపు తిరిగి, "దీపాల" అంది. పాడలేదు, అంది. 'వేళ' రాలేదు, అక్కడితో ఆగింది. మేం అడక్కుండా, రాగం లేకుండా తనంతట తాను నాకు చెప్పిన మొదటి మాట అది. ఆ తరువాత నేను టేపు జోలికి వెళ్లలేదు.

నేనూ లెక్క చూసుకున్నాను. రోజూ ఆమె అలా కట్టేస్తూనే ఉంది. మర్నాడు ఐదున్నరకి పలక మామూలుగా లేస్తూనే ఉంది. ముప్పై ఒక్కసారి కట్టేసింది, ముప్పై ఒక్కసారి లేచింది. ఏమీ కాదని తేల్చుకున్నాను.

అక్టోబరు 21, సోమవారం. ఆ మధ్యాహ్నం ఒక పాటకి బొమ్మ మార్చాను. పాత ఫొటోలో పళ్లెం సరిగ్గా కనబడటం లేదని కొత్తది పెట్టాను. పలక అన్ని పాటల్నీ మళ్లీ సర్దుకోవడం మొదలుపెట్టింది, తెర మూలలో ఒక చక్రం తిరుగుతోంది. ఐదున్నరకి చెల్లెల్ని కూర్చోబెట్టి పెరట్లోకి వెళ్లాను. మబ్బు పట్టి ఉంది. ఆరేసిన బట్టలు తీస్తున్నాను. టీవీలోంచి పాట వస్తోంది, చెల్లెలి గొంతు దానితో కలిసి వస్తోంది. మూడో వరస మధ్యలో టీవీ గొంతు ఆగింది. చెల్లెలు ఇంకో రెండు మాటలు పాడి తనూ ఆపింది. చేతిగడియారం చూసుకున్నాను. ఐదూ ముప్పై ఎనిమిది. బట్టలు మంచం మీద పడేసి లోపలికి వెళ్లి దీపం పెట్టాను. ఆమె ట్యూబ్‌లైటు వేసింది.

మర్నాడు ఐదున్నరకి నాలుగో స్విచ్చి వేస్తే తెర మీద నలుపు మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వరసలు వరసలుగా వచ్చి, ఆగిపోయాయి. స్విచ్చి కట్టి, మళ్లీ వేశాను. మళ్లీ అవే. ఫొటో తీసి మా అమ్మాయికి పంపాను. ఐదు నిమిషాల్లో ఆమే ఫోన్ చేసింది.

"కార్డు పోయింది పెద్దమ్మా. ఏం ఫర్లేదు, ఆదివారం కొత్త కార్డు తెచ్చి మళ్లీ ఎక్కించేస్తా. పాటలు ఇంకోదాంట్లో ఉన్నాయిగా, అవి దాంట్లో వేసుకుందాం."

"దేంట్లో?"

"అదే, పెన్ డ్రైవ్‌లో."

"అది నీకిచ్చేశానుగా."

"నాకిచ్చింది ఖాళీది. అందులోవి నువ్వు ఇంకోటి కొనుక్కుని దాంట్లో పెట్టుకున్నావనుకున్నా. కాపీ."

"కాపీ కాదే, మూవ్."

ఆమె "మూవ్" అంది, అడుగుతున్నట్టు కాదు, ఆ మాటని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. "నేను దాంట్లో క్లాసు వీడియోలు నింపేశాను పెద్దమ్మా. రెండుసార్లు చెరిపి నింపాను."

నేను ఫోన్లో మాట్లాడుతున్నంతసేపూ చెల్లెలు ఆ తెల్ల అక్షరాల ముందు కూర్చుని రిమోట్ బాణాలు నొక్కుతూనే ఉంది.

ఆదివారం మా అమ్మాయి వచ్చి కార్డు తీసుకువెళ్లింది. కాలేజీలో తనకి తెలిసిన పద్ధతులన్నీ ప్రయత్నించింది. తరువాత పోయిన ఫైళ్లు వెతికి తీసేవాళ్లకి ఇచ్చింది. కార్డే లోపల దెబ్బతిందని, దాన్ని ఏ కంప్యూటరూ గుర్తుపట్టడం లేదని అన్నారు. నేను రాజమండ్రి క్యాసెట్ల దుకాణానికి వెళ్లాను. "నెల దాటితే మా దగ్గర చెరిపేస్తామండి, స్థలం ఉండదు. కార్డులో వేసుకున్నాక ఇంకో కాపీ ఉంచుకోలేదాండి?" అన్నాడు. లేదని చెప్పి వచ్చేశాను.

అప్పుడు పెళ్లిళ్లు గుర్తుకు వచ్చాయి. ఆమె పాడిన పెళ్లిళ్లలో వీడియో తీయించినవాళ్లు ఉంటారు కదా. తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. రెండిళ్లలో దొరికాయి, ఒకటి నిడదవోలులో, ఒకటి ద్రాక్షారామం దగ్గర. ద్రాక్షారామం ఇంటికి నేనే వెళ్లాను. ఆ ఇంటి పెద్దావిడ కాఫీ ఇచ్చి, టీవీలో వేసి చూపించింది. అప్పగింతల దగ్గర చెల్లెలు ఉంది, ఆకుపచ్చ చీరలో, పెళ్లికూతురు పక్కన. నోరు కదులుతోంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. వినిపిస్తున్నది మాత్రం సినిమా పాట. వీడియో కలిపినవాడు అసలు శబ్దం తీసేసి మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు వేశాడు.

"అప్పట్లో అందరూ అలాగే వేయించుకున్నారండి" అంది ఆవిడ. "మీ చెల్లెలు గారు మా అమ్మాయి పేరు పెట్టి పాడారు. ఏం పాడారో ఇప్పుడు నాకూ గుర్తులేదు, ఏడుపొచ్చింది మటుకు గుర్తుంది."

నిడదవోలు వీడియో కూడా అంతే.

మిగిలింది మా అమ్మాయి ఫోన్లోది ఒక్కటే, నీళ్ల కోసం పాడినప్పుడు నవ్వుకుంటూ తీసినది. దాన్ని కొత్త కార్డులో వేసి, ఉప్పు జాడీ బొమ్మే పెట్టి, చెల్లెలి ముందు నడిపించాం. కుంటుతున్న ఆ గొంతు వినగానే ఆమె ముఖం తిప్పేసుకుంది. రెండోసారి వేస్తే రిమోట్ మీద దొరికిన మీటలన్నీ నొక్కి ఆపింది. ఆ గొంతు తనదని ఆమె ఒప్పుకోలేదు.

నాకు పాట గుర్తుంది కాబట్టి నేనే పాడి చూశాను. నాకు రాగం రాదు, చిన్నప్పటి నుంచీ రాదు. నేను ఎత్తుకోగానే ఎడమ చెయ్యి నా నోటి మీద పెట్టింది. గట్టిగా కాదు. డాక్టరమ్మ ఇచ్చిన వేరే పాటలు వేశాం. వింటుంది, అంతే. కలిసి పాడదు.

మాటలు ఒక్కసారిగా పోలేదు. నవంబరు మొదట్లో "పెట్టు", "వెయ్యి" రావడం మానేశాయి. నీళ్ల కోసం మళ్లీ మొదటి వరస నుంచి నడవాల్సి వచ్చింది. డిసెంబరులో ఆ వరసలో ఊరగాయ దగ్గర దారి తప్పేది. మళ్లీ ఉప్పు జాడీ దగ్గరికి వచ్చి మొదలుపెట్టేది, మళ్లీ అక్కడే ఆగిపోయేది. నేను నీళ్లగ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి ఉండేదాన్ని. అందించేస్తే కోపం వచ్చేది. ఆమె చేరేదాకా ఆగాలి. ఫిబ్రవరిలో ఆమే చేరడం మానేసి గ్లాసు వైపు చెయ్యి చాపడం మొదలుపెట్టింది.

మా అమ్మాయి పలకని తీసుకుపోతానంది. వద్దన్నాను. అది టీవీ వెనకే ఉంది, నాలుగో స్విచ్చి దానిదే. సాయంత్రాలు చెల్లెలు ఇప్పటికీ లేస్తుంది. కిటికీ చూసి లేచి, కర్ర ఈడ్చుకుంటూ వెళ్లి నాలుగూ కట్టేస్తుంది. నాలుగోది వేసి లేకపోతే ముందు వేసి, తరువాత కడుతుంది. నేను దీపం పెడతాను. ఆమె ట్యూబ్‌లైటు వేస్తుంది. ఇప్పుడు వేళకి నేనే ముందు వచ్చి పక్కన నిలబడుతున్నాను.

ఇది 2025 మార్చి 30, ఆదివారం నాటి లెక్క.

క్యాసెట్లు పందొమ్మిది. అన్నీ పోయాయి.

పాటలు నలభై మూడు. మూడు గంటల ఇరవై రెండు నిమిషాలు. అన్నీ పోయాయి. వాటిలో నాకు పూర్తిగా మాటలు గుర్తున్నది ఒకటి, సగం గుర్తున్నవి ఆరు. రాగం గుర్తున్నవి లేవు.

బొమ్మలు నలభై మూడు. నా ఫోన్లో ఉన్నాయి.

చెల్లెలికి తిరిగి వచ్చిన మాటలు పదకొండు: ఉప్పు, పాలు, నీళ్లు, తలుపు, ఇదుగో, అదుగో, పెట్టు, వెయ్యి, నిద్ర, రా, దీపాల. పోయినవి పదకొండు. చివర పోయినది "నీళ్లు". ఫిబ్రవరి 9, ఆదివారం, ఉదయం ఎనిమిదింటి వరకు ఉంది.